గురువారం ఆరు గంటల అబద్ధం

బ్వేనొస్ ఐరెస్‌లో ఒక మనిషిని గురువారం సాయంత్రం ఎక్కడికి బయల్దేరావని అడిగితే "థెరపీకి" అని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. మనసులో బాధ చెప్పుకోవడానికి డబ్బిచ్చి వెళ్లే చోటది, ఆ మాటకు ఎదురు ప్రశ్న ఉండదు. పెళ్లి విందులోంచి లేచిపోవచ్చు, అత్తగారి పుట్టినరోజున కేకు కోయకముందే చొక్కా సర్దుకోవచ్చు. "పాపం, సెషన్ ఉందట" అని పక్కకు జరిగి దారి ఇస్తారు. డాక్టరు దగ్గరికంటే ఏ రోగమని అడిగే జనం, థెరపీకంటే మాత్రం గౌరవంగా నోరు మూసుకుంటారు. ఇంత మర్యాద ఉన్న ఊళ్లో ఆ మర్యాదను తన సొంతానికి వాడుకునేవాడు ఒక్కడైనా ఉండడా? ఉన్నాడు. పేరు ఎవరిస్తో బ్రూనెల్లి. లిఫ్టు మెకానిక్కు, వయసు యాభై నాలుగు. పదకొండేళ్ల పాటు ప్రతి గురువారం ఆరింటికి థెరపీకని పెళ్లానికి చెప్పి బయల్దేరాడు. ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఏ థెరపిస్టు గడపా తొక్కలేదు.

తొందరపడి అనుమానించకండి. ఆడమనిషి లేదు, పేకాట లేదు, తాగుడు లేదు. చార్కాస్ వీధిలో పదంతస్తుల పాత మేడ ఒకటుంది. దాని డాబా మీద లిఫ్టు యంత్రాల గది. గురువారం ఆరింటికి అతను ఆ గదిలోకి వెళ్లి తిరగేసిన పెయింటు డబ్బా మీద కూర్చునేవాడు. యాభై నిమిషాలు గోడకేసి చూసేవాడు. మోటారు తిరిగితే వినేవాడు, ఆగితే ఊరుకునేవాడు. ఆరూ యాభైకి లేచి ప్యాంటు దులుపుకుని ఇంటికి పోయేవాడు. అంతే. ఇంత బోడి రహస్యం కోసం పదకొండేళ్లు అబద్ధమాడిన మగాణ్ణి ఈ ఊళ్లో నేను మరొకణ్ణి చూడలేదు.

మోటారు చప్పుడు మాత్రం చప్పుడు కాదా అంటారేమో. అతనికి కాదు. ఆ చప్పుడు ఎప్పుడు మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో అతనికి ముందే తెలుసు. మనుషుల చప్పుడే తెలియదు. కింద నడవాలో నిలబడి, పైన ఏ కప్పీకి గ్రీజు తక్కువైందో చెవితో చెప్పగలడు. అదే చెవి ఆదివారం భోజనాల దగ్గర అతని పీక మీదకు తెచ్చేది. బల్ల చుట్టూ పధ్నాలుగు మంది చుట్టాలు, అందరూ ఒక్కసారే మాట్లాడతారు, ఫోర్కులు, ప్లేట్లు, టీవీలో ఫుట్‌బాల్. పైగా ఈ ఊళ్లో చెంప మీద ముద్దు పెట్టందే పలకరింపు పూర్తి కాదు. వచ్చినప్పుడు పధ్నాలుగు, పోయేటప్పుడు పధ్నాలుగు. ఒక్కో ముద్దుకీ ఎవరిస్తో దవడ బిగించి, మొహాన నవ్వు పులుముకుని నిలబడేవాడు. ఆ నవ్వు మోసీ మోసీ గురువారం వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. మాట కూడా పెగిలేది కాదు.

భార్య దేలియా అతనికి పూర్తిగా భిన్నం. మెద్రానో వీధిలో ఆమెకు జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. మూడు కుర్చీలు, రెండు అద్దాలు, ఒక నోరు. ఆ నోటికి మూడు కుర్చీలూ చాలవు. మంచి మనిషి, మొగుడంటే ప్రాణం. పెళ్లైన కొత్తలో అతను ఒకసారి ధైర్యం చేసి, "కాసేపు ఒక్కణ్ణే కూర్చుంటాను దేలియా" అన్నాడు. "అప్పుడే అంత బరువైపోయానా నీకు?" అని ఆవిడ రెండు రోజులు ఏడ్చింది. మళ్లీ ఆ మాట ఎత్తితే ఒట్టు. తరువాత ఎన్నో ఏళ్లకు దేలియానే ఒకరోజు, "ఊరంతా ఎవరికో ఒకరికి చెప్పుకుంటోంది, నీకేమొచ్చింది? ఎవరికైనా చూపించుకో" అంది. "చూసుకున్నాను. యూనియన్ వాళ్లు ఉచితంగా ఇప్పించారు. గురువారం ఆరింటికి" అని అతని నోట్లోంచి వచ్చేసింది. ఎలా వచ్చిందో అతనికే తెలియదు. ఆవిడ సంబరంతో రెండు చెంపల మీదా ముద్దు పెట్టింది. ఇక వెనక్కి తీసుకునే దారేది?

అలా పదేళ్లు సాఫీగా నడిచింది, ఒక్క ఫిబ్రవరి తప్ప. ఇక్కడ ఫిబ్రవరి మండువేసవి. థెరపిస్టులంతా మూకుమ్మడిగా సముద్రం ఒడ్డుకు పోతారు. నెల పొడుగునా ఊళ్లో ఎవరి ఏడుపు వాళ్లే ఏడవాలి. లేదా దేలియా కుర్చీలో కూర్చుని ఏడవాలి. అందుకే ఆమెకు ఫిబ్రవరిలో గిరాకీ ఎక్కువ. ఎవరిస్తో కూడా ఆ నెలంతా "మా థెరపిస్టూ బీచికి పోయింది" అని ఇంట్లోనే ఉండిపోయేవాడు, యంత్రాల గది లేక గిలగిల్లాడేవాడు. "చూశావా, నీ థెరపిస్టు లేకపోతే ఎలా అయిపోతావో" అని దేలియా జాలిపడి కూర ఎక్కువ వడ్డించేది.

పదకొండో ఫిబ్రవరిలో పప్పులో కాలేశాడు. పదమూడు రోజులు వరసగా వడగాలి, కరెంటు కోతలు. ఎక్కడి లిఫ్టులక్కడ ఇరుక్కుపోయాయి. ఆ వారంలో తొమ్మిది లిఫ్టుల్లోంచి జనాన్ని బయటికి లాగాడు. లాగిన ప్రతివాళ్లూ చెమటలు కారుతూ అతన్ని కావలించుకుని ముద్దులు పెట్టారు. గురువారం అయిదున్నరకి దుకాణం వెనక చేతులు కడుక్కుని, అద్దంలో తన మొహం కూడా చూసుకోకుండా, "థెరపీకి వెళ్తున్నా" అనేసి వెళ్లిపోయాడు.

ఆ సమయానికి కుర్చీలో నెత్తినిండా రంగు వేయించుకున్న ఒకావిడ, తన థెరపిస్టు సముద్రంలో మునకలేస్తుంటే మార్చి దాకా తను ఎవరితో చెప్పుకోవాలని ముక్కు చీదుతోంది. దేలియా చేతిలో బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది. నోరు కూడా ఆగిపోయింది. ఆ దుకాణం తెరిచాక అలా జరగడం అదే మొదలు.

ఎవరిస్తో ఇంటికి వచ్చేసరికి ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"ఎలా అయింది సెషను?"

"బాగానే."

"ఏం మాట్లాడారు?"

పదకొండేళ్లలో ఆవిడ ఎప్పుడూ అడగని ప్రశ్న. "మామూలే" అన్నాడు.

"ఎవరిస్తో, ఇది ఫిబ్రవరి."

అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి.

"ఫిబ్రవరిలో ఈ ఊళ్లో థెరపిస్టుని పట్టుకోవడం కంటే మంచు కురవడం తేలిక. ఎవత్తది?"

లేదని చెప్పాలనే అనుకున్నాడు. మాటలు గొంతు దాకా వచ్చి అక్కడే ఇరుక్కున్నాయి. బాగా కంగారు పడితే అతనికి చిన్నప్పటినుంచీ అంతే, నోరు తెరుచుకోదు. దేలియా అతని మొహంలోకి చూస్తున్నకొద్దీ ఇంకా బిగుసుకుపోయాడు. ఆ మౌనాన్ని ఆవిడ ఒప్పుకోలు కింద తీసుకుంది. ఎవరైనా అంతే తీసుకుంటారు.

"వచ్చే గురువారం దాకా చూస్తాను" అంది. గొంతు పెంచలేదు. "పేరు చెప్పు. తిట్టేదేదో తిడతాను, ఏడ్చేదేదో ఏడుస్తాను. చెప్పకపోతే రోసారియోలో అక్క దగ్గరికి పోతాను. కత్తెర్లు పట్టుకుని పోతాను."

ఇరవై నాలుగేళ్ల కాపురంలో దేలియా నాలుగుసార్లు అలిగి రోసారియో వెళ్లింది. నాలుగుసార్లూ కత్తెర్లు సొరుగులోనే ఉన్నాయి. కత్తెర్లు కదిలాయంటే ఆవిడ తిరిగిరాదు. ఆ సంగతి వివరించి చెప్పాల్సినంత మొద్దు కాదతను.

సోమవారం చార్కాస్ వీధి మేడ ముందు రుఫీనో గొట్టంతో పేవ్‌మెంటు కడుగుతున్నాడు. రుఫీనో ఆ మేడ కాపలాదారు, డెబ్బై ఏళ్లవాడు. డాబా తాళం అతని దగ్గరే ఉంటుంది. గురువారం గుట్టు తెలిసిన మనిషి లోకంలో అతనొక్కడే.

"ఏంరా, మొహం అలా వాడిపోయింది? నీకూ కరెంటు పోయిందా?"

విచిత్రం, ఎవరిస్తోకి మాటలు వచ్చాయి. కాలవలోకి పారుతున్న నీళ్లకేసి చూస్తూ జరిగింది ఏకరువు పెట్టాడు. రుఫీనో కుళాయి కట్టేసి గొట్టం మీద గడ్డం ఆనించుకుని విన్నాడు.

"ఓరి పిచ్చి సన్నాసీ" అన్నాడు చివరికి. "ఆడది ఉందని ఒప్పేసుకుందామంటే నీకు ఆడదైనా లేదు కదరా."

"నన్నేం చెయ్యమంటావు?"

"మూడో అంతస్తు, బి. లుద్మిలా అని ఉంది. ఫిబ్రవరిలో ఎక్కడికీ కదలదు. ఇసక కాళ్లకి అంటుకుంటే పడదట ఆవిడకి. నీలాంటి వాళ్లనే ఎక్కువ చూస్తుందని విన్నాను."

"నాలాంటి వాళ్లంటే?"

"ఏమో నాకేం తెలుసు. లైట్లు ఆర్పమనేవాళ్లూ, మెట్ల మీద ముక్కు మూసుకు ఎక్కేవాళ్లూ. అందరూ మర్యాదస్తులే. నువ్వు ఇన్నాళ్లూ థెరపిస్టు నెత్తి మీదే కూర్చున్నావు, ఒక్కసారి కిందికి దిగి తలుపు కొట్టలేకపోయావు."

మంగళవారం నాలుగింటికి తలుపు కొట్టాడు. ముప్పై ఏడేళ్ల మనిషి తలుపు తీసింది. పొట్టి జుట్టు, కాళ్లకు ఊలు మేజోళ్లు, అంత ఎండల్లోనూ. ఎవరిస్తో అలవాటు ప్రకారం దవడ బిగించి చెంప ముందుకు వంచాడు. ఆవిడ ముందుకు రాలేదు.

"నేను లుద్మిలా. ఎలా పలకరించమంటారు? ముద్దా, చెయ్యి కలపడమా, ఉత్త హలోనా?"

యాభై నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు. అది అడిగే విషయమని కూడా అతనికి తెలియదు.

"ఉత్త హలో" అన్నాడు మెల్లగా.

"హలో" అంది లుద్మిలా. అంతటితో అయిపోయింది. దవడ దానంతట అదే వదులైంది.

లోపలికి వచ్చి కూర్చోకుండానే అతను అసలు పని చెప్పేశాడు. "డాక్టరుగారూ, నాకు ఒక కాగితం కావాలి. పదకొండేళ్లుగా మీ దగ్గరికి వస్తున్నానని. సంతకం, స్టాంపు ఉంటే చాలు."

లుద్మిలాకు నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేను డాక్టర్ని కాదు, పేరుతో పిలవండి. ఆ కాగితం ఇవ్వను. పదకొండేళ్ల క్రితం నేను కాలేజీలో పాఠాలు చదువుకుంటున్నాను. యాభై నిమిషాలైతే ఇవ్వగలను. కావాలా?"

అతను తలుపు కేసి చూశాడు. రోసారియో గుర్తొచ్చింది. "ఇక్కడేం జరుగుతుందో ముందు చెప్పండి. ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలియకపోతే నేను ఏ గదిలోనూ నిలవలేను."

"అడగడం మంచిదైంది. అడగనివాళ్లు మూడు నెలలు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు" అని ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ మాట్లాడింది ఈ గది దాటదు. ఎవరి ప్రాణానికైనా ముప్పుందనిపిస్తే తప్ప. అప్పుడు కూడా ముందు మీకే చెబుతాను. నేను అడిగిన ప్రశ్న నచ్చకపోతే వద్దనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మాట రాకపోతే రాసి ఇవ్వొచ్చు, ఊరికే కూర్చోవచ్చు. రెండు మూడుసార్లు వచ్చాక మనిద్దరికీ కుదరదనిపిస్తే మానెయ్యొచ్చు, నేను అలగను.

"ఆ సోఫా మీద పడుకోవాలా?"

"అక్కర్లేదు. నిలబడండి, నడవండి. నాకేసి చూడక్కర్లేదు కూడా. కళ్లలోకి చూస్తే నిజం వస్తుందని ఎవరన్నారో గానీ, నాకైతే చూస్తే మాటే పోతుంది."

ఎవరిస్తో కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు. అయినా ఏదో పొడుస్తూనే ఉంది. చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. ఇంతకుముందు ఎక్కడ చెప్పినా "ఏ చప్పుడు? నాకేం వినిపించడం లేదే" అని ఎగాదిగా చూశారు.

"మీ ట్యూబ్‌లైటు కూస్తోంది" అన్నాడు.

"కదా?" లుద్మిలా కుర్చీలోంచి లేచిపోయింది. "మూడేళ్లుగా మేడ వాళ్లకి మొర పెట్టుకుంటున్నాను, ఒక్కళ్లకీ వినిపించదు." టక్కున లైటు ఆర్పేసింది.

ఆ కూత ఆగిన క్షణంలో ఎవరిస్తోకి కలిగిన ఆనందం ఏమని చెప్పను? అతను విన్నది ఇంకో మనిషికి వినిపించింది. అతనికి పిచ్చి లేదు, చాదస్తం లేదు, చప్పుడు నిజంగానే ఉంది. ఇక ఆగుతాడా మనవాడు? కిటికీకేసి చూస్తూ ముప్పై అయిదు నిమిషాలు గడగడా చెప్పుకుపోయాడు. బడిలో గంట కొడితే బల్ల కింద దూరిన రోజు నుంచి, పధ్నాలుగు ముద్దుల మీదుగా, పెయింటు డబ్బా దాకా. మధ్యలో లుద్మిలా "అప్పుడెలా అనిపించింది?" అనబోతే, "అలా అడిగితే నాకు చెప్పడం రాదు" అన్నాడు. "సరే, ఒంట్లో ఎక్కడ తెలిసింది?" అని అడిగింది. "దవడలో. తరువాత మెడ వెనక" అని తడుముకోకుండా చెప్పాడు.

"నన్ను బాగు చేస్తారా?" అని అడిగాడు చివరికి.

"ఏం చెడింది?"

అతను నిజంగానే ఆలోచించాడు. లిఫ్టు విషయంలోనైతే ఇలాంటి ప్రశ్నకు ఇట్టే జవాబు చెప్పేవాడు. "చెడలేదేమో" అన్నాడు.

"నాకూ అలాగే అనిపిస్తోంది. మీ మెదడు శబ్దాన్నీ, స్పర్శనీ, మనుషుల్నీ వేరే తీరులో అందుకుంటోంది. అలాంటివాళ్లం చాలామందిమి ఉన్నాం. నేనూ ఆ కోవే. దానికి ఆటిజం అనే పేరు సరిపోవచ్చు, ఒక్క గంటలో నేను తేల్చకూడదు. పరీక్ష చేసేవాళ్లు వేరే ఉన్నారు, కావాలంటే పంపిస్తాను. ఆ పేరు మీకు పనికొస్తే ఉంచుకోండి, లేకపోతే లేదు. నేను మాత్రం మిమ్మల్ని అందరిలా నవ్వడం నేర్పించి పంపించను. మీకు దేంతో అలుపొస్తుందో, దేంతో తేరుకుంటారో చూసుకుని, దాన్ని దొంగతనంగా కాకుండా దర్జాగా ఎలా చేసుకోవాలో చూద్దాం."

ఎవరిస్తో మొహం వెలిగిపోయింది. "మా లిఫ్టుల్లో ఒక పలక ఉంటుంది, నలుగురికి మాత్రమే అని. ఎనిమిది మంది ఎక్కి, కదలలేదని దాన్నే తిడతారు. నేను నలుగురి లిఫ్టుని."

"బాగుంది. మరీ బాగుంది, అందుకే పూర్తిగా నమ్మకండి. వచ్చే వారానికి ఇంత తేలిగ్గా ఉండదు."

"మరి అబద్ధం? అదీ మెదడు తీరేనా?"

"కాదు" అంది లుద్మిలా మెత్తగానే. "అబద్ధం మీరు చెప్పారు. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో నాకు అర్థమైంది. ఆవిడకి అర్థం కావాలంటే ఆవిడకి తెలియాలి. గురువారం ఆరింటికి ఖాళీ ఉంది. ఇద్దరికీ ఇష్టమైతే ఇద్దరూ రండి. కానీ నేను మీ వకీల్ని కాను, ఎవరి తరఫునా మాట్లాడను."

బయటికి వచ్చాక అతని కాళ్లు నేల మీద ఆగలేదు. జన్మలో మెట్లు వాడని లిఫ్టు మెకానిక్కు మూడంతస్తులూ మెట్ల మీద దూకుతూ దిగాడు. రుఫీనోకి ఎదురుగా వెళ్లి నిలబడి, "ఆవిడకీ ఆ లైటు వినిపిస్తుంది" అన్నాడు. "ఏ లైటు?" అన్నాడు రుఫీనో. జవాబు చెప్పే ఓపిక ఎవరికుంది? మందుల షాపులో చెవుల్లో పెట్టుకునే మెత్తటి దూది బిరడాలు కొన్నాడు. బస్సులో పెట్టుకున్నాడు. హారన్లు, డ్రైవరు రేడియో, పక్కసీటు ఫోను, అన్నీ ఒక్కసారిగా గోడ అవతలికి పోయాయి. పెద్దగా నవ్వేశాడు. బస్సంతా తిరిగి చూసింది, చూస్తే చూసింది. ఇంత తేలికైన ఉపాయం ఇన్నేళ్లూ మందుల షాపు గల్లాపెట్టె పక్కనే వేలాడుతూ ఉందా? అతనికి పదేళ్ల వాడిలా గంతులేయాలనిపించింది. ఇంటికి పోయి దేలియాకి అంతా చెప్పేయాలనిపించింది. ఇంటి గుమ్మంలో ఆవిడ మొహం చూడగానే గొంతు మళ్లీ మూసుకుపోయింది.

బుధవారం మధ్యాహ్నం లిఫ్టు తనిఖీ కాగితాల వెనక ఉత్తరం రాశాడు. అయిదు పేజీలు వచ్చింది. ఇంకో ముక్క కాగితం మీద, "గురువారం ఆరింటికి చార్కాస్ వీధి, మూడో అంతస్తు బి. నువ్వూ రా. అక్కడ చెబుతాను" అని రాసి దేలియా కాఫీ కప్పు కింద పెట్టాడు.

దేలియా చదివింది. "అదీ ఉంటుందా అక్కడ?"

లుద్మిలా సంగతి అడుగుతోందనుకుని ఎవరిస్తో తల ఊపాడు.

"వస్తాను" అంది. "చూడాలి కదా."

వచ్చింది. ఎర్ర గౌను వేసుకుని, జుట్టు సొంత చేతులతో అలంకరించుకుని, మడమలు టకటకలాడిస్తూ వచ్చింది. భుజాన సంచీ. అందులో తోలు పెట్టె మూత కనిపిస్తోంది. కత్తెర్ల పెట్టె. రాత్రి ఏడింటికి రోసారియో బస్సుందని ఎవరిస్తోకి తెలుసు.

లుద్మిలా తలుపు తీసి, "ఎలా పలకరించమంటారు? ముద్దా, చెయ్యా..." అని మొదలుపెట్టింది.

"నీకు నేను ముద్దెందుకు పెడతానమ్మా?" అంది దేలియా. కిందినుంచి పైకి ఒకసారి చూసింది. "పదకొండేళ్ల క్రితం నీకెన్నేళ్లు?"

"ఇరవై ఆరు."

"సిగ్గులేదూ?" ఈ ప్రశ్న మొగుడికి.

"సెన్యోరా" అంది లుద్మిలా, "ఈయన నాకు పరిచయమై రెండు రోజులైంది. మంగళవారం మొదటిసారి వచ్చారు. మిగతాది ఆయనే చెప్పాలి. కూర్చోండి, కూర్చోవాలని లేకపోతే నిలబడండి."

దేలియా కూర్చుంది, సంచీ ఒళ్లో పెట్టుకుని. ఎవరిస్తో కిటికీ వైపు తిరిగి కాగితాలు తీశాడు. మొదటి వాక్యం రెండుసార్లు చదివితే గానీ గొంతు తెరుచుకోలేదు. ఆ తరువాత ఆగలేదు. ఇదే మేడ, పైన డాబా, యంత్రాల గది, పెయింటు డబ్బా. ఆడమనిషి లేదు. థెరపిస్టు లేదు. పెళ్లైన కొత్తలో ఒక్కణ్ణే కూర్చుంటానంటే నువ్వు ఏడ్చావు. నువ్వు బరువని కాదు. లోకమంతా చప్పుడుగా ఉంటే, నీ గొంతు కూడా అందులో కలిసిపోయి చప్పుడైపోతుందేమోనని భయం. అలా కాకుండా ఉండాలని వెళ్లేవాణ్ణి. తేరుకుని వస్తే గురువారం రాత్రి నువ్వు చెప్పేవన్నీ వినగలిగేవాణ్ణి. శుక్రవారం కూడా.

అయిదో పేజీ అయిపోయింది. దేలియా సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. లుద్మిలా తొందరపెట్టలేదు. ఆ గదిలో మౌనాన్ని ఎవరూ తరమరు.

"గోడకేసి చూసేవాడివా?" అంది దేలియా.

"అవును."

"పదకొండేళ్లు?"

"ఫిబ్రవరులు తీసేస్తే."

"ఒరేయ్, ప్రతి క్రిస్మస్‌కీ నీ థెరపిస్టుకని నేను స్వయంగా కేకు చేసి ఇచ్చి పంపాను కదరా. ఎండు ద్రాక్ష ఆవిడకి పడుతుందో లేదో అని దిగులుపడ్డాను. ఆ కేకులేమయ్యాయి?"

"రుఫీనో తిన్నాడు."

"పదకొండు కేకులూ?"

"ఎండు ద్రాక్ష ఏరి పారేసేవాడు."

దేలియాకు నవ్వు వచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపైంది. సంచీ జారి కింద పడింది, కత్తెర్ల పెట్టె ఖణేల్మంది, ఎవరిస్తో భుజాలు పైకి లేచాయి. ఆవిడ అది చూసింది. ఇరవై నాలుగేళ్లలో వెయ్యిసార్లు చూసి ఉంటుంది. ఇవాళ ఇంకోలా చూసింది.

"నీకో సంగతి చెప్పనా?" అంది ముక్కు తుడుచుకుంటూ. "నీకు వేరే ఆడది ఉందని వారం రోజులుగా ఏడుస్తున్నాను, నిజమే. కానీ పదకొండేళ్లుగా నేను కుళ్లుకున్నది ఆ థెరపిస్టుని చూసి. గురువారం వెళ్లి ఆవిడకి అన్నీ చెప్పుకుంటున్నాడు, నాకు 'బాగానే, మామూలే' తప్ప ఒక్క ముక్క మిగల్చడం లేదు అని. నీ లోపల ఏముందో ఆవిడకి తెలుసు, నాకు తెలీదు అని. కేకు కలిపేటప్పుడు కూడా అదే అనుకునేదాన్ని. నా మొగుణ్ణి నాకంటే బాగా ఎరిగిన మనిషికి కేకు చేస్తున్నాను అని."

"ఎవరూ లేరు దేలియా" అన్నాడు ఎవరిస్తో. "ఎవరికీ చెప్పలేదు."

"ఎవరికీ?"

"మొన్న ఈవిడకీ, రుఫీనోకీ కొంచెం. మొత్తం నీకే. నీకే మొదటిసారి."

దేలియా కళ్లు మూసుకుంది. తరువాత గడియారం చూసింది. రోసారియో బస్సుకు ఇంకా అరగంట ఉంది.

"కోపం పోలేదు" అంది. "ఇంకో నెల ఉంటుంది. అక్కకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాలి, గుర్తు చెయ్యి." లేచి, తన కుర్చీని ఎత్తి, నేల మీద ఈడ్చకుండా జాగ్రత్తగా తీసుకెళ్లి అతని కుర్చీ పక్కన కిటికీ వైపు తిప్పి పెట్టింది. ఇద్దరికీ మధ్య మూర దూరం వదిలింది. ఎదురుమేడ బాల్కనీలో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఆవిడ వాటికేసే చూస్తూ కూర్చుంది.

"నీకేసి చూడను" అంది. "ఇంకా ఏం ఉన్నాయో చెప్పు."

ఎవరిస్తో చెప్పడం మొదలుపెట్టాడు.